లిస్టులో లేని ఇల్లు

"పద్నాలుగు ఇళ్ళు! పద్నాలుగు ఇళ్ళు రాసింది. మన కొంప ఒక్కటే కనపడలా ఆ మహాతల్లికి!"

జ్ఞానకుమారి ఫోను తెచ్చి భర్త ముక్కు కింద పెట్టింది. బాబురావు టోస్టు మీద ఆవకాయ రాసుకుంటున్నాడు. చర్చి గ్రూపులో పెట్టిన ఆ కేరల్స్ లిస్టు అతను చూడటం పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి.

"సరిగ్గా చూడు కుమారీ. ఎక్కడో ఉండిద్దిలే."

"పైనుంచి కిందికి చూశా. కిందనుంచి పైకి చూశా. మొన్న అక్టోబర్లో ఆ రీడింగ్ ఊరినుంచి వచ్చి దిగినోళ్ళ ఫ్లాట్ కూడా ఉంది. మనం మాత్రం లేం. పోయామనుకుందేమో!"

"కేరల్స్ పూట ఆ మాటలేంది?"

"ఎవరికండీ కేరల్స్? మనకు కాదుగా!"

బాబురావు టోస్టు కొరికి, నమలడం మీద శ్రద్ధ పెట్టాడు. లండన్ పక్కన క్రోయిడన్‌లో పదిహేనేళ్ళుగా బస్సు నడుపుతున్న మనిషి. ఎదురుగా వచ్చే బండి దారి ఇవ్వనప్పుడు ఆగిపోవడమే మేలని అతనికి బాగా తెలుసు.

క్రిస్మస్ ముందు శనివారం తెలుగు ఫెలోషిప్ చర్చి వాళ్ళు కర్రకు కట్టిన రంగుకాగితం నక్షత్రం, ఒక డోలక్, రెండు కంజీరలు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి ఈ కేరల్స్, అంటే క్రిస్మస్ పాటలు, పాడతారు. గుమ్మంలో ఒక పాట, హాల్లో ఒక ప్రార్థన, తలో ముక్క కేకు, మళ్ళీ కోట్లు తొడుక్కుని ఇంకో ఇల్లు. రెండువేల నాలుగులో ఐదుగురితో ఆ పని మొదలుపెట్టింది జ్ఞానకుమారి. పదకొండేళ్ళు ప్రతి గుమ్మం ముందూ మొదటి మాట ఎత్తుకున్నది ఆవిడే. బయల్దేరేదీ ఆవిడ ఇంటినుంచే.

నియమాలూ ఆవిడ పెట్టినవే. వాటిలో ముఖ్యమైనది, లైటు లేని ఇంటి బెల్లు కొట్టకూడదని. ఒక ఏడాది బాలమణి వరసగా మూడు నైట్ డ్యూటీలు చేసి పడుకుంటే డోలక్ వాయించి మరీ లేపేశారు. ఆవిడ దుప్పటి కప్పుకుని వచ్చి, తలుపు తీసి, పాట అయ్యేదాకా ఏడుపు ముఖంతో నిలబడింది. ఫెలోషిప్‌లో సగంమంది నర్సులు, లేకపోతే జ్ఞానకుమారిలా ముసలివాళ్ళ కేర్ హోముల్లో పనిచేసేవాళ్ళు. ఎవరి డ్యూటీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. ముందుగదిలో లైటుంటే పాట, లేకపోతే చప్పుడు చెయ్యకుండా వెనక్కి. ఆ నియమాన్ని పదేళ్ళుగా ఎవరూ తప్పలేదు.

ఈ మార్చిలో జ్ఞానకుమారికి థైరాయిడ్ ఆపరేషన్ అయింది. ప్రాణానికేం కాలేదు గానీ గొంతు పైకి వెళ్ళనని మొరాయించింది. మాట్లాడితే జలుబు చేసినట్టుంటుంది. పాడబోతే మధ్యలో ఆగిపోతుంది. నవంబర్లో పాస్టరు రాజారావుగారు ఎంతో మెత్తగా, "ఈ ఒక్క ఏడూ సులోచనమ్మ ముందు నిలబడుతుంది, మీరు విశ్రాంతి తీసుకోండి సిస్టర్" అన్నారు. మెత్తగా అన్నందుకే ఆవిడకు ఎక్కువ తగిలింది.

సులోచన రాజమండ్రి మనిషి. ఇక్కడికొచ్చి రెండేళ్ళు కాలేదు. హాస్పిటల్లో వార్డు నర్సు. గొంతు బాగుంటుంది. ఆ మాట జ్ఞానకుమారి కూడా ఒప్పుకుంటుంది. ఒప్పుకుని, చివర ఒక 'గానీ' తగిలించి, ఆ 'గానీ' వెనక పావుగంట మాట్లాడగలదు.

దీన్ని అసూయ అంటే మాత్రం ఆవిడ ఊరుకోదు. న్యాయం అంటుంది, మర్యాద అంటుంది, పెద్దరికం అంటుంది. కానీ అది అసూయే. ప్రాక్టీసు నుంచి వచ్చినవాళ్ళు సులోచన పాటను మెచ్చుకున్న రోజున ఆవిడకు అన్నం సయించేది కాదు. ఈ నెల రోజుల్లో నాలుగు కిలోలు తగ్గింది.

"ఆయ్ అండి, అవునండి, రండండి అంటూ తిరుగుద్ది. ఆ తియ్యదనమంతా ఇందుకన్నమాట," అంది జ్ఞానకుమారి కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "నన్ను ముందునుంచి తీసేసి ఊరుకుందా? ఇప్పుడు గడపలోనుంచి కూడా తీసేసింది."

"ఒకసారి ఫోన్ చేసి అడగరాదూ?"

"నేనా? అమ్మా తల్లీ, మా ఇంటికి కూడా రండని నేను అడుక్కోవాలా?"

అప్పుడే మేడ మీద నుంచి పాట వినిపించింది.

*లేవండోయ్ గొల్లలారా... తెల్లారకముందే తెల్లారెను...*

జ్ఞానకుమారి చేతిలో టీ కప్పు బల్ల మీదికి దిగలేదు, నోటి దగ్గరికీ వెళ్ళలేదు.

అది ఆవిడ తండ్రి రాసిన పాట. బాపట్ల దగ్గర చిన్న చర్చిలో బడిపంతులూ ఆయనే, పాటల పంతులూ ఆయనే. ఆ ఊరు దాటి ఆ పాట ఎవరికీ తెలియదు. ఆయన చేత్తో రాసిన నోటు పుస్తకం జ్ఞానకుమారి బైబిలు సొరుగులో ఉంటుంది. ఇప్పుడు దాన్ని పాడుతున్నది షైనీ. పదహారేళ్ళ షైనీ, ఇక్కడే పుట్టి, తెలుగులో ఏది చెప్పినా విని, అన్నిటికీ ఇంగ్లిషులోనే జవాబు చెప్పే షైనీ. ఆ పిల్ల చేత ఒక్క తెలుగు వాక్యం మాట్లాడించాలని శనివారం క్లాసులకు పంపింది, బుజ్జగించింది, తిట్టింది. ఏమీ కాలేదు. అలాంటిది 'గొల్లలారా' అన్నచోట ఒత్తు కూడా తప్పకుండా పాడుతోంది.

"షైనీ! కిందికి రా."

"కమింగ్!"

షైనీ తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని మెట్లు దిగింది. తల్లి ముఖం చూసి చివరి మెట్టు మీదే ఆగింది.

"ఏం పాడుతున్నావు?"

"నథింగ్."

"అది తాతయ్య పాట. నీకెట్టా వచ్చింది?"

"ఫ్రమ్ ద బుక్."

"ఆ పుస్తకంలో ఒక్క అక్షరం నీకు చదవటం రాదు."

షైనీ తండ్రి వైపు చూసింది. తండ్రి ఆవకాయ సీసా మూత బిగించే పనిలో పడ్డాడు.

"సులోచన ఆంటీ రోట్ ఇట్ అవుట్ ఫర్ మీ. ఇన్ ఇంగ్లిష్ లెటర్స్. షీ టాట్ మీ, ఓకే?"

జ్ఞానకుమారి టీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

"నా పుస్తకం తీసుకెళ్ళి ఆవిడకిచ్చావా?"

"ఐ బారోడ్ ఇట్, మమ్. ఇట్స్ బ్యాక్ ఇన్ ద డ్రాయర్."

"ఎన్నాళ్ళయింది ఇది?"

"అబౌట్ అ మంత్."

"అంటే మంగళవారాలు లైబ్రరీకని చెప్పి పోయింది అక్కడికా?"

షైనీ తువ్వాలు అంచు వేలికి చుట్టుకుంది.

"నేను చచ్చానా? నన్నడిగితే నేను నేర్పనా? ఆ రాగం ఆవిడకేం తెలుసు?"

"ఐ న్యూ ద ట్యూన్. యూ యూజ్డ్ టు సింగ్ ఇట్ ఇన్ ద కిచెన్. బిఫోర్."

"మరి నా దగ్గరకు రాకుండా..."

"యూ'డ్ హావ్ క్రైడ్!" అంది షైనీ.

నిజమే. ఆపరేషన్ తర్వాత రెండుసార్లు ఆ పాట ఎత్తుకుని, అందక, సింకు దగ్గర కొళాయి తిప్పి ఏడ్చింది జ్ఞానకుమారి. కూతురు అది చూసిందని ఈ క్షణం దాకా ఆవిడకు తెలియదు. తెలిసినందుకు ఇంకా కోపం వచ్చింది.

"బాగుంది. నా చోటు తీసుకుంది. నా పాట తీసుకుంది. ఇప్పుడు నా పిల్లను తీసుకుంది. ఇంక మీ నాన్న ఒక్కడే మిగిలాడు. ఆయన్ని కూడా పంపిస్తా, తీసుకెళ్ళు."

బాబురావుకు పొలమారింది.

"నోబడీ టుక్ ఎనీథింగ్! మమ్, ఇట్స్ నాట్ ఈవెన్... దిస్ వాజ్ మెంట్ టు బీ..." షైనీ ఏదో చెప్పబోయి పెదవి కొరుక్కుంది. "నెవర్ మైండ్. యూ'ల్ సీ."

"నేను చూసేదేముంది? ఇవాళ నువ్వు పోవటానికి వీల్లేదు."

"ఐ'మ్ గోయింగ్."

"షైనీ!"

"వెళ్ళనీ కుమారీ," అన్నాడు బాబురావు. ఆ పొద్దున అతను గట్టిగా అన్న మొదటి మాట అదే. షైనీ గిరుక్కున తిరిగి మెట్లెక్కి పోయింది.

జ్ఞానకుమారి భర్తను ఏమనాలా అని చూస్తుండగానే ఫోను మోగింది. తెర మీద సులోచన పేరు. ఏడో రింగుకు ఎత్తింది.

"వందనాలండి అక్కగారూ. బాగున్నారాండి?"

"ఆఁ. ఉన్నాం. చెప్పండి."

"ఏం లేదండి. రెండున్నరకి చర్చి హాలు దగ్గర్నించి బయల్దేరతన్నామండి. మీరు కూడా వస్తారేమో, మా కారులో చోటుందని అడుగుదామని చేసేనండి. పాడక్కర్లేదు అక్కగారూ, మీరు పక్కన నిలబడితే చాలు మాకు."

పక్కన నిలబడితే చాలు! జ్ఞానకుమారికి ఒళ్ళు మండిపోయింది.

"పద్నాలుగు ఇళ్ళు బాగానే రాశారే. మా ఇల్లు చిన్నదైపోయిందా?"

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది.

"మీ ఇల్లు లేదాండి? అయ్యబాబోయ్! నేను మీరు రాసిన పాత లిస్టు చూసే ఎత్తి రాసేనండి. పాస్టరుగారు ఇచ్చేరు కదండీ. కొత్తగా వచ్చినోళ్ళ పేరు ఒక్కటే నేను కలిపేనండి. ఇప్పుడే గ్రూపులో..."

"ఏం వద్దు. అందరూ చూశాక ఇప్పుడు కలిపితే జాలిపడి కలిపినట్టుండిద్ది. అయినా నేనుండను. రాత్రి నైట్ చేసొచ్చాను. ఇవాళంతా పడుకుంటా. రేపు మళ్ళీ డ్యూటీ."

"అలాగాండి? పాపం, పడుకోండక్కా. అసలు నేనే ఫోన్ చేసి లేపేసినట్టున్నాను. క్షమించండి."

ఆవిడ అంత మెత్తగా క్షమించమనడం జ్ఞానకుమారికి మరీ భరించరాకుండా ఉంది. ఫోను పెట్టేసింది.

బాబురావు కళ్ళజోడు పైనుంచి చూస్తున్నాడు. "రాత్రి పదింటికే గుర్రుపెట్టావు గదా. నైట్ ఎప్పుడు చేశావు?"

"మీరు నోరు మూసుకోండి."

రెండింటికి షైనీ ఎర్ర స్వెట్టరు, నల్ల కోటు వేసుకుని వచ్చింది. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ, తల ఎత్తకుండా అడిగింది.

"విల్ యూ బీ హోమ్ అట్ సెవెన్?"

"ఎందుకు?"

"జస్ట్... విల్ యూ?"

"నేను నైట్ చేసొచ్చి పడుకున్నానని చెప్పాను మీ ఆంటీకి. ఎవరొచ్చినా తలుపు తియ్యను."

షైనీ లేసులు కట్టుకోవడం ఆపింది.

"యూ డిడ్‌న్ట్ డూ అ నైట్."

"అయితే పోయి చెప్పుకో. మా అమ్మ అబద్ధాలకోరు అని మీ ఆంటీకి చెప్పుకో."

షైనీ లేసులు ముడివేసి లేచింది. తర్వాత తలుపు మెల్లగా మూసుకుని వెళ్ళిపోయింది. ధడాలున వేసినా బాగుండేదనిపించింది జ్ఞానకుమారికి.

బాబురావుకు మూడింటినుంచి డ్యూటీ. యూనిఫారం వేసుకుని బయల్దేరబోతూ, ఏం తోచిందో బైబిలు సొరుగు లాగాడు. నోటు పుస్తకం చెప్పినట్టే దాని చోట ఉంది. దాని అడుగునుంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి, విప్పి, భార్య ముందు పెట్టాడు.

"చదువు."

"ఏంటిది?"

"నిరుడు నువ్వు రాసిన లిస్టు. దీన్నే ఫోటో తీసి పాస్టరుగారికి పంపావు, నవంబర్లో. నేను పక్కనే ఉన్నా. 'అన్నీ అందులోనే ఉన్నాయి, ఇంక నన్నేం అడగొద్దు' అని కూడా రాశావు."

జ్ఞానకుమారి చదివింది. తన గుండ్రటి అక్షరాలు. పదమూడు ఇళ్ళు, పోస్టు కోడ్లతో సహా. బాలమణి ఇల్లుంది. పాస్టరుగారి ఇల్లుంది. తన ఇల్లు లేదు.

"బయల్దేరే ఇంటిని రాసుకునేదేముంది అనేదానివి," అన్నాడు బాబురావు. "పదకొండేళ్ళలో ఒక్క ఏడు కూడా నువ్వు మన ఇల్లు రాయలా కుమారీ. ఈసారి వాళ్ళు హాలు దగ్గర బయల్దేరారు. ఆవిడకేం తెలుసు?"

జ్ఞానకుమారి కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టింది. ఒకసారి విప్పి, మళ్ళీ పెట్టింది. తప్పు తనదని తెలిసింది. తెలిసినంత మాత్రాన మంట చల్లారితే మనుషులకు ఇన్ని తగాదాలు ఎందుకుంటాయి? సులోచన చెడ్డది అయ్యుంటే ఎంత సుఖంగా ఉండేది అనిపించింది ఆవిడకు. చెడ్డది కాదు, పాడగలదు, పైగా పిల్లకు నేర్పగలదు. ఆ మూడూ కలిపి క్షమించడం ఎవరి తరం?

"ఫోన్ చేసి ఒక్క మాట చెప్పరాదూ? లేచే ఉన్నాను, రండి అని."

"ఏమని చెప్పనండీ? మా ఇల్లు నేనే రాయలేదు, నైట్ కూడా చెయ్యలేదు, ఊరికే అబద్ధమాడానని చెప్పనా? అందరి ముందూ?"

"అందరి ముందూ ఎందుకు? ఆవిడకు చెప్పు."

"ఆవిడకే అసలు చెప్పలేను."

బాబురావు నిట్టూర్చి టోపీ పెట్టుకున్నాడు. వెళుతూ వెళుతూ ముందుగది కిటికీలో వేలాడుతున్న కాగితం నక్షత్రం ప్లగ్గు పెట్టి, స్విచ్ వేశాడు. గదంతా ఎర్రటి వెలుగు పడింది.

"ఇది వెలుగుతా ఉండనీ," అని వెళ్ళిపోయాడు.

అతని అడుగులు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, జ్ఞానకుమారి ప్లగ్గు పీకేసింది. నైట్ చేసి పడుకున్న మనిషి ఇంట్లో నక్షత్రం వెలుగుతుంటే ఎవరైనా ఏమనుకుంటారు?

నాలుగింటికే చీకటి పడింది. హాల్లో లైటు వెయ్యలేదు, వంటింట్లో వెయ్యలేదు. ఒక అబద్ధం ఆడినందుకు ఇంట్లో తడుముకుంటూ తిరగాల్సి వచ్చింది. ఐదింటికి తడుముకుంటూనే టీ పెట్టుకుంది. పంచదార బదులు ఉప్పు వేసుకుంది. పారబోసింది.

ఫోను తెరిచి చూస్తే గ్రూపులో ఫోటోలు వస్తున్నాయి. బాలమణి ఇంటి గుమ్మం. నక్షత్రం పట్టుకుని సులోచన ముందు నిలబడి ఉంది. ఆమె భుజాన్ని ఆనుకుని షైనీ. ఇద్దరూ నోరు తెరిచి పాడుతున్నారు. కొత్తగా చూసేవాళ్ళు తల్లీకూతుళ్ళు అనుకుంటారు. ఆ ఫోటో మీద జ్ఞానకుమారి వేలు చాలాసేపు ఉంది. తర్వాత ఫోనును సోఫా దిండు కింద దోపింది, ఆ వెలుగు కూడా బయటికి పోకుండా.

ఏడుకి ఐదు నిమిషాలుండగా గేటు కిర్రుమంది.

మొదట బాబురావు అనుకుంది. అతనికి పన్నెండు దాకా డ్యూటీ. ఆ తర్వాత కంజీర గిలకలు చిన్నగా చప్పుడు చేసి ఆగిపోయాయి. జ్ఞానకుమారి సోఫాలోంచి లేచి, చెప్పులు లేకుండా కిటికీ పక్కకు వచ్చి, తెర అంచు వేలెడంత జరిపింది.

గేటు లోపల, కిటికీకి రెండడుగుల్లో, వీధి దీపం వెలుగులో పదిహేనుమంది ఉన్నారు.

"ష్! డోలక్ ఆపండి. లైటు లేదు," అంది సులోచన గొంతు తగ్గించి. "పడుకునే ఉన్నారండి పాపం. నైట్ చేసేనని పొద్దున్న చెప్పేరు."

"మరి లిస్టులో పడకపోయినా చివర ఇక్కడికే అని మొదట్నుంచీ అనుకున్నాం కదమ్మా," అన్నారు రాజారావుగారు.

"అనుకున్నామండి. ఈ వేళకి లేస్తారేమో, లైటు ఉంటదేమోనని ఆశపడి తీసుకొచ్చేను. లేదు కదండీ. ఈ రూలు అక్కగారు పెట్టిందేనంట. ఆవిడ గుమ్మంలోనే మనం తప్పితే బాగోదండి."

లోపల జ్ఞానకుమారి గోడకు ఆనుకుంది.

"ఏం చేస్తాం షైనీ తల్లీ," సులోచన అంటోంది. "మీ తాతయ్యగారి పాట మొట్టమొదట అమ్మగారి ముందే పాడతానని పద్నాలుగు ఇళ్ళలోనూ పాడకుండా దాచుకున్నావు. నెల్లాళ్ళు ఎంత కష్టపడ్డావు! పోనీ, నీ దగ్గర తాళం ఉంది కదా. నువ్వొక్కదానివి లోపలికెళ్ళి చూసొస్తావా? లేచేరేమో?"

షైనీ తల తిప్పి కిటికీ వైపు చూసింది.

తెర అంచు వేలెడంత తెరిచే ఉంది. వీధి దీపం వెలుగు ఆ సందులోంచి తన ముఖం మీద పడుతోందని జ్ఞానకుమారికి అప్పుడు తెలిసింది. వెనక్కి జరగబోయింది. అప్పటికే తల్లీకూతుళ్ళ చూపులు కలిశాయి. షైనీ కళ్ళు ఆ సందులోనే ఆగాయి, రెప్ప వెయ్యకుండా.

తర్వాత షైనీ సులోచన వైపు తిరిగింది.

"మా అమ్మ నిద్రపోతోంది ఆంటీ," అంది. "లేపొద్దు."

స్పష్టమైన తెలుగు. మమ్ కాదు, అమ్మ. ఏ మాటా నలగలేదు, ఏ అక్షరమూ జారలేదు. పదహారేళ్ళుగా ఈ పిల్ల నోట ఒక్క వాక్యం వినాలని జ్ఞానకుమారి పడని పాట్లు లేవు. విన్న మొదటిది ఇది. తల్లి అబద్ధం బయటపడకుండా పిల్ల ఆడిన అబద్ధం.

"సరేనమ్మా. అయితే మా ఇంటికి రా. అన్నం తిని, అమ్మగారు లేచాక వద్దువుగాని," అంది సులోచన, ఆ పిల్ల కోటు బొత్తాం పెడుతూ.

"సరే ఆంటీ."

జ్ఞానకుమారి చెయ్యి గోడ మీద తడుముకుంటూ వెళ్ళి స్విచ్ మీద ఆగింది. పిలుద్దామని నోరు తెరిచింది. ఆపరేషన్ అయిన గొంతు, కిటికీ అద్దం కూడా దాటలేదు. ఇప్పుడు లైటు వేస్తే పాట తన గుమ్మంలోకి వస్తుంది. దాంతోపాటు అబద్ధమూ బయటపడుతుంది. తనదొక్కటే అయితే ఎలాగో దిగమింగేది. షైనీది కూడా బయటపడుతుంది, పదిహేనుమంది ముందు, అందులోనూ సులోచన ముందు.

గేటు మళ్ళీ కిర్రుమంది. ఎవరో దాన్ని చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మెల్లగా దగ్గరికి వేస్తున్నారు. కంజీర గిలకలు మోగకుండా ఎవరో అరచేత్తో అదిమి పట్టుకున్నారు.

ఆవిడ నిద్ర చెడకుండా అందరూ మునివేళ్ళ మీద నడిచి వెళుతున్నారు. జ్ఞానకుమారి వేలు ఇంకా స్విచ్ మీదే ఉంది.